కారు సైడ్ అద్దం పగిలిందా? ఇంటి దగ్గరే ఇలా మార్చుకోండి

తిరుమల కొండకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944లో మొదలైన పాత ఘాట్ రోడ్డులో దిగుతాం, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాం. కాబట్టి ఎదురుగా బండి వస్తుందన్న భయం లేదు. వచ్చేదంతా వెనక నుంచే. మలుపు దగ్గర హారన్ కొట్టుకుంటూ ఒక జీపు, దాని తోకలాగా ఒక బస్సు. అలాంటి దారిలో ఒకసారి కుడివైపు అద్దం లేకుండా దిగాను. ముందురోజు సాయంత్రం తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో బండి ఆపి, పూలు కొనుక్కుని వచ్చేసరికి ఎవరి బైకు హ్యాండిలో తగిలి అద్దం ముక్కలై ఉంది. దర్శనం టికెట్లు తెల్లవారికే. మానుకోలేక బయల్దేరాం. వెనక సీట్లో కూర్చున్న మా ఆవిడ కొండ దిగినంతసేపూ వెనక్కి తిరిగి, "బస్సు వస్తా ఉంది, ఉండండి... ఆఁ, ఇప్పుడు పోనీండి" అని చెబుతూనే ఉంది. మీరు మాత్రం ఈ పని చేయకండి.

మర్నాడు ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే, "గ్లాసు విడిగా రాదు సార్, మొత్తం సెట్టు మార్చాల్సిందే" అన్నారు. చెప్పిన రేటు వేలల్లో ఉంది. పక్క వీధిలోని స్పేర్స్ షాపులో అడిగితే, కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయన బండి దగ్గరికి వచ్చి అద్దం డబ్బాలోకి ఒక్కసారి తొంగిచూసి, "ఏం సామీ, లోపలంతా బాగుంది కదా, గ్లాసు ఒక్కటే కదా పోయింది!" అన్నాడు. గ్లాసు వందల్లోనే వచ్చింది. ఇంటి ముందు వేపచెట్టు నీడలో అరగంటలో బిగించేశాను. గోటితో పోయేదానికి గొడ్డలి వాడబోయానని అప్పుడు అర్థమైంది. అందుకే ఈ పనిలో మొదటి మెట్టు స్పానర్ పట్టుకోవడం కాదు, పగిలింది ఏదో కనిపెట్టడం.

ముందు పగిలింది ఏదో చూడండి

బయటి అద్దం ఒకే వస్తువులా కనిపిస్తుంది గానీ, ముట్టుకుని చూస్తే నాలుగైదు భాగాలు తేలతాయి. అన్నిటికంటే ముందు గ్లాసు. అది ఒక పలచని ప్లాస్టిక్ పళ్ళేనికి అతికించి ఉంటుంది. ఆ పళ్ళెం వెనక క్లిప్పులుంటాయి. ఆ క్లిప్పులు లోపలున్న మోటారుకు పట్టుకుంటాయి. మోటారు లేని బండి అయితే లోపలి నాబ్ నుంచి వచ్చే కేబుళ్ళ కీలుకు పట్టుకుంటాయి. వీటన్నిటినీ మోసేది నల్లటి డబ్బా. డబ్బా వెనక రంగు వేసిన కవర్. డబ్బాను డోరుకు పట్టి ఉంచేది కింది కాలు, అంటే మడతపడే కీలు ఉండే భాగం.

గ్లాసు మీద మాత్రమే పగుళ్ళు ఉండి, స్విచ్ నొక్కితే పళ్ళెం పైకీ కిందికీ పక్కలకూ కదులుతుంటే గ్లాసు కొంటే చాలు. మోటారు గిర్రుమని శబ్దం చేస్తున్నా గ్లాసు కదలకపోతే క్లిప్పులో లోపలి పళ్ళచక్రాలో విరిగి ఉంటాయి. శబ్దమే లేకపోతే వెంటనే మోటారు పోయిందనుకోకండి, ముందు ఫ్యూజు చూడండి. రెండు వైపులా పని చేయకపోతే తప్పు దాదాపుగా ఫ్యూజుదో స్విచ్‌దో అయి ఉంటుంది. వెనక కవర్ మీద గీతలు పడితే, చాలా మోడళ్ళకు ఆ కవర్ ఒక్కటే దొరుకుతుంది. కాలు విరిగి అద్దం వైర్ల మీద వేలాడుతుంటే మాత్రం మొత్తం సెట్టు కొనక తప్పదు. ఆ విరిగిన చోట ఎమ్‌సీల్ పెట్టి అతికించే ప్రయత్నం నేనూ చేశాను. చంద్రగిరి దాటకముందే ఊడింది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. క్లెయిమ్ చేస్తే చిన్న కార్లకు, అంటే 1500 సీసీ వరకు, మొదటి 1000 రూపాయలు మీ చేతి నుంచే పోతాయి. అంతకంటే పెద్ద ఇంజన్ అయితే 2000. జీరో డెప్, అంటే భాగాల పాతదనానికి తరుగు తీయని పాలసీ, లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. పైగా క్లెయిమ్ లేని ఏళ్ళకు వచ్చే నో క్లెయిమ్ బోనస్, 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతూ వచ్చేది, పోతుంది. గ్లాసు కోసం క్లెయిమ్‌కు వెళ్ళడం నా లెక్కలో శుద్ధ దండగ. 360 డిగ్రీల కెమెరా ఉన్న ఖరీదైన సెట్టు పూర్తిగా విరిగితే మాత్రం కాగితం మీద లెక్క వేసుకుని చూడండి.

కొనేటప్పుడు

బండి మోడల్ చెబితే సరిపోదు. తయారైన ఏడు, వేరియంట్ కూడా చెప్పాలి. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కు నాబ్, మధ్య దానికి మోటారు, పై దానికి మోటారుతో పాటు దానంతటదే మడతపడే ఏర్పాటు, ఇండికేటరు కూడా ఉంటాయి. ఆర్సీలోని చాసిస్ నంబర్ ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే సగం వాదన తగ్గుతుంది. కుడి, ఎడమ అనేవి డ్రైవర్ సీట్లో కూర్చుని చూసే లెక్క. బండి ముందు నిలబడి "ఈ పక్కది" అని చూపించి తప్పుడు వైపుది తెచ్చుకున్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. పాత గ్లాసు వెనక భాగాన్ని ఫొటో తీసుకోండి. క్లిప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయి, వైర్లు ఏమైనా వస్తున్నాయా అన్నది ఆ ఫొటోతో పోల్చుకోవచ్చు. సెట్టు కొంటుంటే దాని వైర్లను డోరు వైర్లకు కలిపే కప్లర్‌లో ఎన్ని పిన్నులున్నాయో కూడా లెక్కపెట్టండి.

ఇక అసలు సంగతి. ఊళ్ళో అద్దాలు కోసే షాపులో పాత గ్లాసు ఆకారానికి కోయించి, డబుల్ టేపుతో అతికించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చౌకే. కానీ అక్కడ దొరికేది డ్రెస్సింగ్ టేబుల్‌కు వేసే చదునైన అద్దం. కారు సైడ్ అద్దం మామూలుగా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు వల్లే పక్క లేన్ అంతా దాంట్లో పడుతుంది. దానికి బదులుగా వస్తువులు ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తాయి. 'అద్దంలో కనిపించేవి ఇంకా దగ్గరగా ఉన్నాయి' అని ఇంగ్లీషులో రాసి ఉండేది అందుకే. ఎడమ వైపు చదునైన అద్దం బిగించారనుకోండి, బైకు పెద్దగానే కనిపిస్తుంది, కానీ సరిగ్గా మీ వెనక ఉన్నప్పుడే. పక్కకు వచ్చేసరికి మాయం. కుడి వైపు ఉబ్బెత్తు, ఎడమ వైపు చదును అయితే ఇంకా ప్రమాదం, దూరాల అంచనా రెండు వైపులా రెండు రకాలుగా ఉంటుంది.

షాపులోనే తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. ఒక స్టీలు స్కేలును గ్లాసు మీద నిలువు అంచుతో ఆనించండి. చదునుదైతే అంచంతా అతుక్కుంటుంది. ఉబ్బెత్తుదైతే మధ్యలో తగిలి, రెండు చివర్లా సన్నగా సందు కనిపిస్తుంది. స్కేలు లేకపోతే పైనున్న ట్యూబులైట్ ప్రతిబింబం చూడండి, అద్దాన్ని వంచుతుంటే అది విల్లులా వంగాలి. ఈ అద్దాలకు మన దేశంలో ఏఐఎస్-001 అనే ప్రమాణం ఉంది. పేరులేని ప్యాకెట్‌లో వచ్చిన గ్లాసు కొనేముందు రెండు మూడు వైపుల నుంచి చూడండి. మనిషి ముఖం నీటిలో కదిలినట్టు అలలుగా కనిపిస్తే దాన్ని వదిలేయండి.

ఎప్పుడు, వేటితో

మే నెలలో తిరుపతిలో మిట్టమధ్యాహ్నం డోరు ముట్టుకుంటేనే చెయ్యి చుర్రుమంటుంది, ఆ వేళ వద్దు. డిసెంబరు తెల్లవారుజామున కూడా వద్దు, చలికి ప్లాస్టిక్ బిరుసెక్కి క్లిప్పులు టప్పున విరుగుతాయి. సాయంత్రం నాలుగు దాటాక నీడ పట్టున మొదలుపెట్టండి, వెలుగు ఉండగానే పని అయిపోతుంది.

తోలు గ్లోవ్స్ గానీ మందపాటి గుడ్డ గానీ, కళ్ళజోడు, వెడల్పాటి పేపర్ టేపు, ఒక ప్లాస్టిక్ పట్టీ, స్టార్ స్క్రూడ్రైవర్, సాకెట్ సెట్టు, రెండు పాత తువ్వాళ్ళు. ప్లాస్టిక్ పట్టీ అంటే కారు ట్రిమ్ తీయడానికి అమ్మేది. అది లేకపోతే ఇంట్లో అట్లు తిరగేసే ప్లాస్టిక్ గరిటె పనికొస్తుంది. తర్వాత దాన్ని వంటింట్లోకి తిరిగి పంపకండి, మాటలు పడతారు.

గ్లాసు మార్చడం

బండి ఆపి తాళం చెవి తీసేయండి. పిల్లల్ని లోపలికి పంపండి. పగిలిన గ్లాసు మీద పేపర్ టేపును అడ్డంగా, నిలువుగా మొత్తం కప్పేటట్టు అతికించండి. ఊడదీసేటప్పుడు ముక్కలు చెల్లాచెదురు కాకుండా ఆ టేపే పట్టుకుంటుంది. కింద నేల మీద పాత తువ్వాలు పరచండి.

ఇప్పుడు గ్లాసు లోపలి అంచును, అంటే డోరు వైపు అంచును, అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కండి. రెండో వైపు అంచు బయటికి లేస్తుంది. కొన్ని మోడళ్ళలో పై అంచు నొక్కి కింది నుంచి తీయాలి. ఎటు ఎక్కువ సందు వస్తే అటు నుంచే. ఆ సందులోకి వేళ్ళు గానీ ప్లాస్టిక్ పట్టీ గానీ పోనిచ్చి, పళ్ళెం వెనక పట్టుకుని మీ వైపు లాగండి. గ్లాసును కాదు, పళ్ళేన్ని లాగుతున్నారన్నది గుర్తుంచుకోండి. ఒక క్లిప్పు 'టక్' అంటుంది. చెయ్యి జరుపుకుంటూ మిగతావీ వదిలించండి. ఇనుప స్క్రూడ్రైవర్ గుచ్చి ఎత్తితే మోటారు పళ్ళు విరుగుతాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఊడిన వెంటనే గుంజకండి. వెనక వైర్లు ఉండొచ్చు. మంచు, తేమ పోవడానికి వేడెక్కే గ్లాసు అయితే సన్నటి రెండు వైర్లు చిన్న రేకు పిన్నులకు తగిలించి ఉంటాయి. పిన్నును పట్టుకుని తీయాలి, వైరును కాదు.

డబ్బా లోపల రాలిన ముక్కల్ని పాత పెయింట్ బ్రష్‌తో దులిపేయండి. మోటారు మీదున్న పట్టీలను వేలితో తడిమి చూడండి, ఏదైనా విరిగి ఉందేమో. కొత్త గ్లాసుకు వైర్లు ఉంటే ముందు వాటిని తగిలించి, క్లిప్పుల్ని మోటారు మీద గుర్తులకు ఎదురుగా పెట్టండి. గ్లాసు మీద మెత్తటి గుడ్డ వేసి, సరిగ్గా మధ్యలో అరచేత్తో నిదానంగా, గట్టిగా నొక్కండి. క్లిప్పులన్నీ టకటకా కూర్చుంటాయి. అంచున వేలితో నొక్కితే కొత్తది కూడా పగులుతుంది. నాకు తెలిసిన ఒకాయన అలాగే రెండోసారి షాపుకు వెళ్ళొచ్చాడు. తర్వాత తాళం చెవి పెట్టి తిప్పి, స్విచ్‌తో అద్దాన్ని నాలుగు దిక్కులా కదిపి చూడండి. అంచు ఎక్కడా డబ్బాకు రాసుకోకూడదు.

కొన్ని చోట్ల పళ్ళెం లేకుండా ఉబ్బెత్తు గ్లాసు ఒక్కటే దొరుకుతుంది. పాత పళ్ళెం బాగుంటే దాని మీదే అతికించవచ్చు. పాత గ్లాసును హెయిర్ డ్రయ్యర్‌తో వెనక నుంచి వేడి చేస్తే జిగురు మెత్తబడి వస్తుంది. పళ్ళేన్ని స్పిరిట్‌తో తుడిచి, బండ్లకు వాడే మందపాటి డబుల్ టేపు అంచు చుట్టూ, మధ్యలో ఇంటూ ఆకారంలో వేయండి. అతికించాక ఆ రోజు నీళ్ళు తగలనివ్వకండి. టేపు పూర్తి పట్టు పట్టడానికి మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా గట్టిగా తుడవకండి.

మొత్తం సెట్టు మార్చాల్సి వస్తే

ఇది గంట, గంటన్నర పని. బయట అద్దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

అద్దం కిటికీ మూలలోని త్రికోణం దగ్గర ఉంటే అదృష్టవంతులు. డోరు లోపలి వైపు అదే మూలలో త్రికోణాకారపు ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. దాన్ని పట్టీతో ఎత్తితే వస్తుంది. కొన్నిటికి చిన్న స్పీకర్ వైరు ఉంటుంది, అది తీసి పక్కన పెట్టండి. నాబ్ ఉన్న బండికి నాబ్ రబ్బరును ముందు లాగేయాలి. మూత వెనక సాధారణంగా మూడు నట్లు గానీ స్క్రూలు గానీ ఉంటాయి, చాలా బండ్లకు 10 నంబర్ సాకెట్ సరిపోతుంది.

ఇక్కడ ఒక మాట. నట్లు విప్పే ముందు వాటి కింద కనిపించే సందులన్నిటిలో ఒక గుడ్డ కుక్కండి. నట్టు జారిందా, నేరుగా డోరు పొట్టలోకి పోతుంది. అప్పుడు డోర్ ప్యాడ్, అంటే డోరు లోపలి వైపు కవర్, మొత్తం విప్పాలి, లేదంటే బ్రేకు వేసినప్పుడల్లా గలగలమనే శబ్దంతో కాపురం చేయాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. రెండేళ్ళుగా మోగుతూనే ఉంది.

కప్లర్‌ను ముందే విడదీయండి. దాని మీద చిన్న నాలుక ఉంటుంది, అది నొక్కితేనే వస్తుంది. తర్వాత నట్లు. ఆఖరి నట్టు విప్పుతున్నప్పుడు బయట ఉన్న మనిషి అద్దాన్ని రెండు చేతులతో మోయాలి, లేకపోతే అది జారి డోరు రంగును గీరుతుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని కింద రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. అది మడతపడితే అక్టోబరు తర్వాత వచ్చే మన వానలకు నీళ్ళు డోరు లోపలికి దిగుతాయి, పోయేటప్పుడు గాలి ఈల వేస్తుంది. మూడు నట్లనూ ముందు చేత్తో సగం సగం ఎక్కించి, తర్వాత వంతులవారీగా బిగించండి. ఒకటి మొత్తం బిగించి రెండోదానికి వెళ్తే అది గాడి తప్పుతుంది. మూత పెట్టేముందే కప్లర్ తగిలించి మోటారు, ఇండికేటరు పని చేస్తున్నాయో చూసుకోండి.

అద్దం త్రికోణం దగ్గర కాకుండా డోరు రేకు మీదే నిలబడి ఉంటే చాలా వాటికి డోర్ ప్యాడ్ విప్పాలి. స్క్రూలు చెయ్యి పెట్టి లాగే గుంటలోనూ, డోరు తెరిచే గొళ్ళెం వెనకా మూతల కింద దాక్కుని ఉంటాయి. అవి తీశాక కింది అంచు నుంచి క్లిప్పులు వదిలించి ప్యాడ్‌ను పైకి ఎత్తాలి. పాత బండ్లలో ఈ క్లిప్పులు నాలుగైదు విరగడం ఖాయం, ముందే కొని పెట్టుకోండి. అద్దంలో కెమెరా ఉన్నా, పక్కన బండి ఉందని లైటు వెలిగే బండి అయినా ఇంటి పని కాదు. కెమెరాను మళ్ళీ కుదర్చడానికి కంపెనీ సర్వీసు దగ్గర యంత్రం ఉంటుంది.

లోపలి అద్దం ఊడిపోతే

ఇంటి పైకప్పుకు స్క్రూలతో బిగించిన ఫ్యానులా, కొన్ని బండ్లలో లోపలి అద్దం టాపుకే బిగించి ఉంటుంది. దాంతో పేచీ లేదు. ముందు గ్లాసుకు చిన్న లోహపు బిళ్ళతో అతికించిన రకమే ఎండాకాలంలో ఒక రోజు డాష్‌బోర్డ్ మీద పడి ఉంటుంది. చేతికి దొరికిన ఫెవిక్విక్‌తో అతికిస్తే రెండు రోజులు నిలుస్తుంది, మూడో రోజు ఎండకు మళ్ళీ అదే కథ. లోపలి అద్దాల కోసమే విడిగా జిగురు అమ్ముతారు, దాంతో పాటు ముందుగా రాసే ఒక ద్రవం కూడా ఉంటుంది. అదే కొనండి.

పాత జిగురు గీకేముందు గ్లాసు బయటి వైపు నుంచి బిళ్ళ ఉన్న చోటు చుట్టూ మార్కర్‌తో గీయండి. బిళ్ళ పైభాగం ఏదో కూడా గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా అతికిస్తే అద్దం ఎక్కదు. బ్లేడును గ్లాసుకు పడుకోబెట్టి జిగురు గీకి, గ్లాసునూ బిళ్ళనూ స్పిరిట్‌తో తుడవండి. తుడిచాక వేలు తగలకూడదు, వేలి జిడ్డు చాలు పట్టు తప్పడానికి. ద్రవం రాసి, ఆరనిచ్చి, జిగురు ఒక చుక్క వేసి, నిమిషం పాటు కదలకుండా నొక్కండి. ప్యాకెట్ మీద ఎంత తొందరగా ఆరుతుందని రాసినా అద్దాన్ని మర్నాడే తగిలించండి. ఆ వెనకాలే లేన్ చూసే కెమెరా ఉన్న బండి అయితే ముట్టుకోవద్దు.

ఆ అద్దానికి మనవాళ్ళు వేలాడదీసే దండలు, రుద్రాక్షలు, స్వామి బిళ్ళల గురించి కూడా చెప్పాలి. భక్తికి అడ్డు చెప్పను. కానీ బరువు వల్ల కీలు వదులై అద్దం కిందికి జారుతుంది, ఊగుతుంటే చూపు చెదురుతుంది. స్వామిని డాష్‌బోర్డ్ మీద కూర్చోబెడితే ఆయనకూ కుదురుగా ఉంటుంది.

అద్దం కింద ఉండే చిన్న పుల్లను చాలామంది ఎప్పుడూ తాకరు. లోపలి గ్లాసు ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉంటుంది. వెనక వెండి పూత ఉంటుంది. పుల్ల వంచితే పూత మీద పడిన వెలుగు పైకప్పు వైపు పోయి, గ్లాసు ముందు ముఖం తిప్పికొట్టే 4 శాతం వెలుగు మాత్రమే మన కంటికి వస్తుంది. రాత్రి పూతలపట్టు నుంచి తిరుపతికి వస్తుంటే వెనక లారీ హైబీమ్ వేసినా కళ్ళు మూతపడవు.

సరిచేసుకోవడం

కొత్త అద్దం బిగించాక సీటు సర్దుకున్నాకే అద్దాలు సర్దుకోవాలి. లోపలి దాంట్లో వెనక గ్లాసు మొత్తం పడాలి. బయటి వాటిలో దూరాన నేల, ఆకాశం కలిసే గీత మధ్యలో ఉండాలి. ఇక వెడల్పు సంగతికి వస్తే రెండు అభిప్రాయాలున్నాయి. హైవే మీద తిరిగేవాళ్ళు తల కిటికీకి ఆనించి తమ కారు పక్క భాగం లీలగా కనిపించేదాకా కుడి అద్దాన్ని బయటికి తిప్పుతారు, ఎడమ దానికి బండి మధ్యకు వంగి అదే పని చేస్తారు. మామూలుగా కూర్చుంటే తమ కారు అసలు కనిపించదు, కానీ పక్క లేన్ ఎక్కువగా పడుతుంది. నాకు మాత్రం తిరుపతి గాంధీ రోడ్డు లాంటి ఇరుకు దారుల్లో డోరు గొళ్ళెం కొంచెం, ఒక వేలి వెడల్పు, కనిపించాలి. ఆటోకు, నా కారుకు మధ్య బెత్తెడు ఉందా, మూరెడు ఉందా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. ఎలా పెట్టుకున్నా లేన్ మారేముందు ఒకసారి తల తిప్పి చూడక తప్పదు.

నిలబెట్టుకోవడం

మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కడిగి వదిలేస్తే అద్దం మీద తెల్లటి చుక్కలు పడతాయి, కొన్నాళ్ళకు గట్టిపడతాయి. కడగగానే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టండి. చుక్కలు అప్పటికే పడితే సగం నీళ్ళు కలిపిన వెనిగర్ గానీ నిమ్మరసం గానీ గుడ్డకు తడిపి, రెండు నిమిషాలు అద్దం మీద ఉంచి తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడవండి. ద్రవాన్ని నేరుగా అద్దం మీద చల్లకండి. అంచుల నుంచి లోపలికి పాకి వెండి పూతను తినేస్తుంది. పాత అద్దాల మూలల్లో కనిపించే నల్ల మచ్చలు అవే, అవి ఒకసారి వచ్చాక పోవు. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడి గుడ్డతో రుద్దడం కూడా తప్పే, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు నీళ్ళు పోయండి, తర్వాత గుడ్డ.

కాణిపాకంలో పూజ చేయించినా, ఆయుధ పూజ నాడు ఇంట్లో చేసినా, పసుపూ గంధమూ గ్లాసు మీద కాకుండా డబ్బా మీద పెట్టండి. ఆ సాయంత్రమే తడిగుడ్డతో తీసేస్తే డబ్బాకూ మరక ఉండదు.

మడతపెట్టే కీలు కిర్రుమంటుంటే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. సిలికాన్ స్ప్రే కొంచెం కొట్టి నాలుగుసార్లు మడిచి తెరవండి. స్విచ్‌తో మడతపడే అద్దాన్ని చేత్తో తోయకండి. ఎవరైనా తోసి లోపల గాడి తప్పితే, స్విచ్‌తోనే రెండు మూడుసార్లు మూసి తెరిస్తే చాలా బండ్లలో టక్కున చోటికి వస్తుంది. ఎనభై స్పీడులో గ్లాసు వణుకుతుంటే క్లిప్పు ఒకటి వదిలిందన్నమాట. మధ్యలో అరచేత్తో నొక్కి చూడండి.

వానకాలం కోసం అతికించే ప్లాస్టిక్ ఫిల్ములు మన ఎండలకు ఒక్క వేసవిలోనే బుడగలు కడతాయి. నా బండి మీద రెండుసార్లు వేయించి రెండుసార్లూ పీకేశాను. సైడ్ అద్దం మూలకు అతికించే గుండ్రటి చిన్న అద్దం మాత్రం డబ్బుకు తగ్గ వస్తువు, బయటి వైపు కింది మూలలో పెట్టుకోండి.

పగిలిన గ్లాసును చెత్త సంచిలో అలాగే వేయకండి. టేపు తీయకుండా నాలుగు మడతల పేపర్లో చుట్టి, పొద్దున బండి వచ్చినప్పుడు చెత్త తీసుకునే అక్కకు చెప్పి విడిగా చేతికివ్వండి.

కోతుల సంగతి

కొండ మీద పార్కింగ్‌లో బండి పెట్టి దర్శనానికి వెళ్ళొస్తే అద్దం వంకరపోయి ఉండటం, గీతలు పడి ఉండటం చాలామందికి అనుభవమే. కోతికి అద్దంలో ఇంకో కోతి కనిపిస్తుంది. తన ఇలాకాలోకి వచ్చిందని దానితో పోట్లాటకు దిగుతుంది. గూడు కట్టే కాలంలో మన ఇంటి ముందు పిచ్చుకలూ అదే పని చేస్తాయి, అద్దాన్ని పొడుస్తూ, డోరంతా రెట్టలు వేస్తూ. అద్దాలు మడిచి పెడితే సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగానికి నేను పాత సాక్సులు తొడుగుతాను. తమాషాగా కనిపిస్తుంది గానీ, లోపల ఏమీ కనిపించకపోతే కోతికి పేచీ లేదు.

ఒకసారి కుడి వైపుది తీసి ఎడమ వైపుది మరిచిపోయి బయల్దేరాను. పార్కింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టి, "సామీ, మీ కారుకు చలేస్తా ఉందా?" అన్నాడు. అప్పటినుంచి సాక్సులు తొడిగిన రోజు తాళం చెవికి ఒక రబ్బరు బ్యాండు చుట్టి పెట్టుకుంటున్నాను.